కొండల నడుమ సముద్రపు ఒంపు: ఆటు చూసుకుని దిగండి

అడవి కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోయే తీరాల్లో, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రెండు రాతి ముక్కుల మధ్య చిన్న ఒంపులు ఉంటాయి. బయట కెరటాలు బండలకేసి కొట్టుకుంటుంటే లోపల నీళ్లు చెరువులా నిలకడగా కనిపిస్తాయి. ఇలాంటి చోటికి బయల్దేరేవాళ్లు దారి కనుక్కుంటారు, వాన పడుతుందేమో చూస్తారు, ఆటుపోట్ల పట్టిక మాత్రం చాలామంది తెరవరు. నన్నడిగితే ఆ పట్టిక చదవడంతోనే సగం పని అయిపోతుంది. ఏ రోజు వెళ్లాలి, ఎన్నింటికి ఇసుక మీద కాలు పెట్టాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అన్నీ అందులోనే ఉంటాయి.

అసలు ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి. చాలా ఒంపులు మెత్తటి రాయి అరిగిపోగా ఏర్పడ్డవే; పక్కనున్న గట్టి రాయి అరగక ముక్కులా మిగిలిపోతుంది. లోతు తగ్గినకొద్దీ కెరటం వేగం తగ్గుతుంది. ముక్కు ముందర నీటి అడుగు నేల ముందే పైకి లేస్తుంది కాబట్టి కెరటం అటు వంగి, బలమంతా దాని మీదే దింపుతుంది. ఒంపులోకి వచ్చేది పలచగా పరుచుకున్న మిగులు. ఇసుక, గులకరాళ్లు లోపల పేరుకునేది అందుకే. లోపల నిశ్శబ్దంగా ఉన్నా సముద్రం మాత్రం శాంతించి ఉండకపోవచ్చు, దెబ్బలన్నీ ముక్కు కాచుకుంటోంది. ముక్కు చుట్టి వచ్చి పక్క ఒంపు చూద్దామని అడుగేశారంటే ఆ కాపు మీకు ఉండదు.

ఇక పట్టిక. నీళ్లు వెనక్కి తగ్గడం ఆటు, ఒడ్డుకు ఎక్కడం పోటు. ఎక్కువ తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు ఉదయం 8 గంటలకు నీళ్లు బాగా తగ్గితే రేపు 8:50 ప్రాంతంలో తగ్గుతాయి. నిన్న వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన వేళ ఈ రోజుకు సరిపోదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా తగ్గుతాయి, అంతే బాగా పెరుగుతాయి. అష్టమి దాటాక ఆ తేడా అన్నిటికంటే తక్కువ. రాతి గుంటల్లో జీవాలు చూడాలనుకుంటే మొదటి రకం రోజులు మంచివి. పిల్లలతో ఊరికే కూర్చుని రావడానికైతే రెండో రకం రోజులే నయం. ఈ తేడా చోటును బట్టి కూడా మారుతుంది. మధ్యధరా తీరంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు, కెనడాలోని ఫండీ అఖాతం చివర్లో 16 మీటర్ల దాకా వెళ్తుంది. రోజుకు ఒక్క పోటే వచ్చే తీరాలూ ఉన్నాయి.

ఇక్కడే జనం మోసపోతారు. బాగా తగ్గిన నీళ్లు మళ్లీ నిండా పెరగడానికి పట్టే సుమారు ఆరు గంటలూ ఒకే వేగంతో పెరగవు. మొత్తం తేడాను పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి పెరుగుతుంది. తేడా 4 మీటర్లనుకోండి. మొదటి గంటలో నీళ్లు 33 సెంటీమీటర్లు ఎక్కుతాయి, చూసేవాళ్లకు కదిలినట్టే ఉండదు. రెండో గంటలో 67. మూడో గంటలో ఏకంగా మీటరు, నాలుగో గంటలో ఇంకో మీటరు. ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన ఇసుక మీద, ఒక మీటరు ఎత్తు పెరగడమంటే గంటలో ఇరవై మీటర్ల ఒడ్డు మునిగిపోవడం. మొదటి గంట చూసి ఇంకా చాలా టైముందనుకున్నవాళ్లే ముక్కుకు అవతల చిక్కుకుపోతారు.

ముక్కు దాటే పనుంటే లెక్క ఇలా వేసుకోండి. పట్టికలో అతి తక్కువ నీళ్లుండే వేళ చూసి, దానికి రెండు గంటల ముందు ముక్కు దగ్గరకు చేరాలి. నీళ్లు ఇంకా తగ్గుతుండగానే దాటాలి. ఆ అతి తక్కువ వేళకల్లా తిరుగుదారిలో మళ్లీ ముక్కు దగ్గర ఉండాలి. బండల మీద నడక గంటకు ఒకటిన్నర, రెండు కిలోమీటర్లకు మించదు, చదును దారి వేగంతో లెక్కేయకండి. పట్టికలో ఇంకో రెండు చిక్కులున్నాయి. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ మార్పును కలపవు, పై వరుసలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. రెండోది, ఆ వేళ దగ్గర్లోని రేవుది, మీ ఒంపుది కాకపోవచ్చు. గాలి ఒత్తిడి పడిపోయినా నీళ్లు పట్టికను మించిపోతాయి. ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. గాలి ఒడ్డుకు తోసేది దీనికి అదనం.

పట్టిక ఇంట్లో మర్చిపోయినా, బండలు చూస్తే కొంత తెలిసిపోతుంది. రాతి గోడను దగ్గర్నుంచి చూడండి, అడ్డంగా పట్టీలు కనిపిస్తాయి. పైన బూడిదరంగు, పసుపుపచ్చ మచ్చలు రాతిని అంటిపెట్టుకుని పెరిగే లైకెన్లవి, అక్కడికి తుంపర తప్ప సముద్రం రాదు. దాని కింద తారు పూసినట్టు నల్లటి పట్టీ. మామూలు పోటు అంచు అటూ ఇటుగా అక్కడే. ఆ నలుపు ఎండినప్పుడు మామూలు రాయిలాగే ఉంటుంది, తడిస్తే సబ్బు పూసినట్టు జారుతుంది. కాళ్లు విరిగేది ఎక్కువగా ఇక్కడే. ఇంకా కిందికి వస్తే తెల్లటి గరుకు పట్టీ, బార్నకిళ్లు. పీతల, రొయ్యల జాతివే ఇవి. తలను రాతికి అతికించుకుని, నీళ్లొచ్చినప్పుడు మూత తెరిచి కాళ్లతో మేత పట్టుకుంటాయి. బూటుకు మంచి పట్టు దొరికే చోటే, కాని నడిచే ప్రతి అడుక్కీ కొన్ని నలిగిపోతాయి, చెయ్యి ఆనిస్తే కోసుకుపోతుంది. వీలైతే బోడి రాయి మీదే కాలు పెట్టండి. అన్నిటికంటే కింద నాచు. దాని మీద కాలు పెట్టకుండా నాచుల మధ్య దూరిపోయే దారి చూసుకోవాలి. భోజనానికి కూర్చునే చోటు మాత్రం ఎప్పుడూ నల్ల పట్టీకి బాగా పైనే.

బండల మీదికి వెళ్లేముందు ఇరవై నిమిషాలు నిలబడి చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి, పది చిన్నవి వచ్చాక నాలుగు పెద్దవి రావచ్చు. ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. ఆరేడు సెకన్లయితే అక్కడికక్కడే గాలి లేపిన అలలు. పద్నాలుగు దాటితే ఎక్కడో దూరపు తుఫాను పంపిన కెరటాలు. చూడటానికి పొట్టిగా ఉన్నా ఒడ్డు మీద చాలా పైదాకా ఎక్కుతాయి. అడవి తీరాల్లో కొట్టుకొచ్చిన మానులు ఒడ్డంతా పడి ఉంటాయి. వాటి మీద కూర్చోవడం అందరికీ ఇష్టమే. నీళ్లు వాటి దాకా వచ్చే వేళ మాత్రం వద్దు. టన్నుల బరువున్న మానును మోకాలి లోతు నీళ్లు కూడా ఎత్తి దొర్లించేస్తాయి.

ఈతకు దిగితే ఒంపు నడుమే దిగండి. ముక్కు పక్కన బండల వెంబడి ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే నీటి ప్రవాహం, రిప్ కరెంట్, ఉంటుంది. నురగ లేని ముదురు రంగు దారిలా, అలలు విరగని చోటులా కనిపిస్తుంది కాబట్టి అదే నిదానమైన చోటనిపిస్తుంది. అందులో పడితే ఎదురీదకుండా తేలుతూ ఒంపు నడుమ వైపు అడ్డంగా కదలాలి. నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఒక్కసారిగా దూకొద్దు. ఊపిరి ఎగశ్వాసగా మారుతుంది, అది సర్దుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా వెల్లకిలా తేలడమే మేలు.

నీళ్లు అద్దంలా ఉండే వేళ కావాలంటే తెల్లవారుజామున చేరాలి. ఎండ ఎక్కాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి జోరందుకుని నీళ్లంతా గరుకుదేరుతుంది. కొండచరియ కింద నీడ బాగుందని చాప పరవకండి. గోడ మీద తెల్లగా, తాజాగా కనిపించే మచ్చ ఉందంటే అక్కణ్ణుంచి ఈమధ్యే రాయి ఊడిందన్నమాట. వాన పడ్డ మర్నాడు ఇంకా జాగ్రత్త. పైన అంచు దగ్గర చెట్ల వేళ్లు పట్టి ఉంచిన మట్టి కింద తరచూ ఖాళీయే ఉంటుంది, అంచుకు నాలుగైదు మీటర్లు ఇవతలే ఆగండి.

సామాను సంగతి పెద్దగా ఏమీ లేదు. రోజుకు మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ముందే ఫోన్‌లో దించుకున్న మ్యాపు, ఒక విజిల్. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అడవి వాగు నీళ్లు టీ రంగులో ఉంటే అది ఆకుల్లోంచి దిగిన రంగు, దానివల్ల హాని లేదు, కాని ఏ రంగు నీళ్లనైనా కుతకుతా ఒక నిమిషం మరిగించే తాగాలి. రాతి గుంటల్లో రాయి ఎత్తి చూస్తే, ఉన్నది ఉన్నట్టు మెల్లగా తిరిగి పెట్టేయండి. అడుగున నీడలో, తడిలో బతికేవి ఎండకు గంటల్లో చచ్చిపోతాయి. ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక ఉండదు.

కొండెక్కే ప్రయాణంలో కష్టం ముందు, దిగడం తర్వాత. ఇక్కడ తలకిందులు. పొద్దున హాయిగా దిగిన దారినే, ఉప్పునీళ్లలో నాని అలిసిన కాళ్లతో సాయంత్రం ఎక్కాలి. చదునుగా గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాళ్లకైనా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట కలపాలి. రెండు వందల మీటర్లు దిగారంటే అదనంగా ఇరవై నిమిషాలు, చిన్నపిల్లలుంటే దానికి రెట్టింపు. ఇసుక మీద ఇంకా వెలుతురు ఉండగానే చెట్ల కింద చీకటి పడిపోతుంది, సూర్యాస్తమయం చూసే బయల్దేరదామంటే దారి మొదట్లోనే వేళ్లు కాళ్లకు తగులుతాయి. తలకు పెట్టుకునే దీపం సంచి అడుగున కాకుండా పై జేబులో పెట్టుకోండి.