చుట్టాలొచ్చినారు, ఫ్లూను దించిపోయినారు

తిరపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలే, ఇక్కడోళ్లకు నేను చెప్పక్కర్లేదు. పోయినేడు పెరటాసి నెలలో కర్నూలు నుంచి మా అక్కోళ్లు నలుగురు దిగినారు. చిన్నోడికి జొరం, ఒకటే దగ్గు. "ఏం లేదులేరా, బస్సులో గాలి కొట్టింది" అనింది అక్క. ఎప్పుడో బుక్ చేసుకున్న మూడొందల టికెట్టు, జొరం వచ్చిందని ఎవరన్నా వదులుకుంటారా? నేనైనా వదులుకోను లెండి.

కొండకు పోయొచ్చి, లడ్లు మాకు రెండిచ్చి వెళ్లిపోయినారు. ఆ మర్నాడు నాకు మొదలైంది. జలుబంటే ముక్కు కారి, గొంతు గరగరమని మెల్లగా వస్తుంది కదా, ఇది అట్ల కాదు, పొద్దున బాగానే ఆఫీసుకు పోయినా, మధ్యాహ్నానికి 102 జొరం, ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టు నొప్పులు, స్కూటర్ అక్కడే పెట్టి ఆటోలో ఇల్లు చేరినా. నా తర్వాత మా ఆవిడ, ఆమె తర్వాత మా నాయన.

మా ఇద్దరికీ వారంలో తగ్గిపోయింది. నాయనకు 71, షుగరు కూడా ఉంది. వీధిలో డాక్టరుకు చూపిస్తే ఒక సూది, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి పంపినారు. ఫ్లూ వైరస్ వల్ల వచ్చేది, దానిమీద యాంటీబయాటిక్ పని చేయదని నాకప్పుడు తట్టలేదు. ఒసెల్టామివిర్ అని దానికి వేరే మందుంది, కానీ 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పని చేస్తుందంట, మేం పెద్దాసుపత్రికి పోయింది ఐదో రోజు. అప్పటికే నిమోనియా, షుగరు 400 దాటింది, ఆరు రోజులు ఆక్సిజన్ మీద పెట్టినారు. ఫ్లూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తే ఆ సందులో బ్యాక్టీరియా దూరుతుందని డాక్టరమ్మ చెప్పింది. గుండె కూడా జాగ్రత్త అనింది. ఎందుకో అని తర్వాత వెతికితే, ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడాలో చేసిన స్టడీ కనబడింది. ప్రపంచమంతా కలిపి ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది ఫ్లూతో పోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క, మనమేమో "వైరల్ ఫీవర్" అని ఒక మాటతో తేల్చేస్తాం.

ఈసారి వానలకు ముందే నాయనకు టీకా వేయించినా. సూదితోనే ఫ్లూ వస్తుందని ఆయన భయం, అందులో ఉండేది చంపిన వైరసే రావయ్యా అని లాక్కుపోయినా. వైరస్ వేషం మారుస్తానే ఉంటుంది కాబట్టి ప్రతి ఏడూ వేసుకోవాల్సిందే, ఒంట్లో పని మొదలుపెట్టడానికి రెండు వారాలు పడుతుంది. వేసుకున్నా ఫ్లూ రావచ్చు, కానీ ఆసుపత్రి దాకా పోయే అవకాశం తగ్గుతుంది. ముసలోళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ఉబ్బసం ఉండేవాళ్లు డాక్టర్ని అడిగి వేయించుకోండి. (ఈ టీకా వైరస్‌ను ఎక్కువగా కోడిగుడ్లలో పెంచుతారంట. మేం పోయింది శనివారం. నాయనకు ఆ ముక్క చెప్పలేదు.)

ఇంకోటి, జొరం కనబడడానికి ఒకరోజు ముందు నుంచే అంటిస్తాం, తర్వాత ఐదారు రోజులు కూడా. అందుకే ఇప్పుడు ఎవరికి దగ్గొచ్చినా వేరే గది, కిటికీలు బార్లా, మాస్కు, చేతులు సబ్బుతో కడగడం.

మొన్న బావ ఫోన్ చేసి మళ్లీ వస్తామన్నాడు, మాట మాటకీ దగ్గుతున్నాడు. "బావా, సత్రంలో రూము నేనే మాట్లాడతా, ఇంటికి మాత్రం వద్దు" అనేసినా. అలిగినాడు. పక్కన వింటున్న మా ఆవిడ, మరి క్యూలో వాళ్ల పక్కన నిలబడే ముసలోళ్ల సంగతేంది అనింది. మళ్లీ బావకు ఫోన్ చేయాల.