కావలి గేటుకి కెమెరా బెల్లు

నేను కువైట్‌లో చేసేది లో కరెంట్ పని, అంటే తక్కువ వోల్టుల తీగెల పని. పద్దెనిమిదో నంబరు వీసా, అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగానిది, కంపెనీ వ్యాను, వ్యాను మీద నిచ్చెన. సీసీ కెమెరాలు, నెట్ కేబుళ్లు, విల్లాల గేట్లకి ఇంటర్‌కమ్‌లు. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. అందుకని వేసవిలో గేటు పనులన్నీ తెల్లారుజామునే పెట్టుకుంటాం. అప్పుడు కూడా ఇనప ప్లేటు చేతికి వెచ్చగానే తగులుద్ది.

అక్కడ నేను ఎక్కువగా పీకి పక్కన పడేసేది బ్యాటరీతో నడిచే కెమెరా బెల్లులు, ఎవరన్నా నొక్కితే ఓనరు ఫోన్లో బొమ్మ చూపించేవి. వైరు లాగే పని లేదు గదా అని ఓనర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ సరిగా ఎక్కదు. 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం అది. ఇక ఎండ నేరుగా కొట్టే గోడ మీద బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుద్ది? మనకి అంత లేదుగానీ, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలే. పైగా మా కావలి ఇంటి గేటు పడమటి ముఖం. కాబట్టి పెడితే వైర్ల బెల్లే అని ఏ షాపు మెట్లూ ఎక్కకముందే అనుకున్నా.

తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ బెల్లు ఎవరి కోసం?

మా రూములో ఆత్మకూరు వైపు అతనొకడున్నాడు. రాత్రి తొమ్మిదికి ఊళ్లో ఇంటి కెమెరా ఫోన్లో తెరిచి, నీళ్ల బాటిల్‌కి ఆనించి, చూస్తా అన్నం తింటాడు. అప్పటికి మన దగ్గర పదకొండున్నర. తాళమేసిన తలుపు తప్ప తెర మీద ఏమీ ఉండదు. అయినా చూస్తాడు. దాన్ని తప్పనను, నేనూ ఆ తెర వైపు ఓ కన్నేస్తా.

మా అమ్మ అడిగింది మాత్రం వేరే. గేటుకీ వంటింటికీ మధ్య వాకిలి, వేపచెట్టు, వరండా. మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడిచి గడియ తీస్తే, పక్క వీధి అడ్రసు అడిగే కొరియర్ కుర్రాడు. నాయనకి బెల్లు వినపడదు. "ఎవురొచ్చుండారో లోపల్నించి కనపడితే చాలబ్బయ్యా, లేవాల్నో వద్దో నేను చూసుకుంటా" అనింది. ఆ మాటల్లో నా ఫోను ఊసు యాడా లేదు.

షాపులో మాత్రం మొదటి మాటే ఫోను. "మీరు బయటి దేశంలో ఉన్నా గేటు మీ చేతిలో ఉన్నట్టే సార్" అంటాడు. లోపల తెర ఉందా అని అడిగితే, తెర ఎందుకు సార్ ఈ రోజుల్లో అని ఆశ్చర్యపోయాడు. మా అమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను.

డల్లాస్‌లో ఉండే బావ ఇంకో సలహా ఇచ్చాడు. నేను పంపిస్తా, పది నిమిషాల పని అని. వాళ్ల ఇళ్లలో పది నిమిషాలే. అక్కడ బెల్లుకి ఇల్లు కట్టేటప్పుడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఉంటారు. 120 వోల్టుల్ని 16కో 24కో దించి, రెండు సన్న తీగెలు తలుపు దాకా తెస్తారు. పాత బటన్ ఊడదీసి, ఆ తీగెలే కొత్తదానికి బిగిస్తే అయిపోయె. మన ఇళ్లలో బెల్లు స్విచ్చి దాకా వచ్చేది నేరుగా 230 వోల్టులు. వానల్లో గేటు బెల్లు నొక్కితే వేలు జిల్లుమనేది అందుకే. ఆ తీగెలకి అమెరికా బెల్లు తగిలిస్తే పొగే. ట్రాన్స్‌ఫార్మర్ కూడా అక్కడిదే తెచ్చుకుందామంటే, 120కి చేసింది మన కరెంటుకి కాలిపోద్ది. ఇక్కడే 230 నుంచి 24కి దించేది కొని బోర్డులో పెట్టుకోవచ్చు, కాదనను. కానీ ఆ రకం బెల్లుకి లోపల మోత తప్ప బొమ్మ ఉండదు, బొమ్మ చూడాలంటే మళ్లీ స్మార్ట్‌ఫోనే.

అందుకని సెలవుకి వచ్చినప్పుడు నేను తీసుకున్నది వీడియో డోర్ ఫోన్. లోపల 7 అంగుళాల తెర, గేటుకి కెమెరా యూనిట్, నడుమ పీవోఈ స్విచ్చి, అంటే నెట్ కేబుల్లోనే కరెంటు కూడా పంపే పెట్టె. గేటు దాకా పోయేది ఒకటే నెట్ కేబులు. దాంట్లోనే బొమ్మా, మాటా, 48 వోల్టుల కరెంటూ. వంద మీటర్ల దాకా లాగొచ్చు, మాకు దాంట్లో పావు వంతు కూడా పట్టలేదు. నెట్ పోయినా లోపల తెర పనిచేస్తది. రికార్డింగ్ మెమరీ కార్డులోకి పోద్ది, నెలనెలా ఎవరికీ కట్టేది లేదు.

కేబులు దగ్గర మాత్రం మొండికేశా. ట్రంకు రోడ్డులో మొదట చూపించిన చుట్ట సగం ధరకే వస్తోంది. లోపలి తీగెని బ్లేడుతో గీకితే తెల్లగా మెరిసింది. రాగి పూత పూసిన అల్యూమినియం. మామూలు నెట్‌కి ఎట్టనో నడుస్తదిగానీ, కరెంటు కూడా మోసేదానికి పనికిరాదు, వేడెక్కుద్ది. ముక్క గీకి చూపించకుండా కేబులు కొనొద్దు.

నాతో పాటు పైపు వేసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు, పాత బెల్లు పైపులోనే తోసేద్దామన్నా అన్నాడు. 230 తీగెలతో కలిపి వద్దన్నా. విడిగా ఇంకో పైపు కొట్టాం. యూనిట్‌ని నాలుగడుగుల ఎత్తులో పెట్టాం. సాయంత్రం ఎండ సూటిగా కెమెరాలో పడి, వచ్చినోళ్ల మొహాలు నల్లగా కనపడతాయి కాబట్టి, కింద ఏటవాలు చెక్క పెట్టి కాస్త దక్షిణానికి తిప్పాం, పైన చిన్న రేకు కప్పు. మాకు తుమ్మలపెంట సముద్రం దగ్గరే, ఉప్పు గాలికి మామూలు స్క్రూలు ఏడాదికే తుప్పు పడతాయి, స్టీలువి వాడాం. సిలికాన్ పైనా పక్కలా పూసి, కింద వదిలేశాం. లోపలికి పోయిన చెమ్మ బయటికి రావాలి గదా, నవంబరు వానలు ఎట్టుంటాయో తెలిసిందే.

తెర, స్విచ్చి, రూటరు మూడూ ఇన్వర్టరు లైను మీదే. కుర్రాడు రూటరుని దగ్గరున్న మామూలు ప్లగ్గుకి పెట్టాడు, మార్పించా. కరెంటు తాళం కూడా పెట్టుకోమన్నారు, తెర మీద నొక్కితే గేటు తెరుచుకునేది. అమ్మ ఒప్పుకోలేదు, నేనూ బలవంతం చేయలేదు. తాళాన్ని తెరిచే రిలే బయటి యూనిట్లోనే ఉంటే, దాన్ని పెకిలించినవాడికి గేటు తీసుకోవడం తేలిక.

ఎదురింటి వరండా మొత్తం బొమ్మలో పడుతోంది. మధ్యాహ్నం అత్త అక్కడ కూర్చుని తల దువ్వుకుంటది. ఆ మూలని సెట్టింగుల్లో నలుపు చేసి, ఆమెని పిలిచి తెర చూపించాం. కదలిక అలర్టులు మొదటి వారంలోనే ఆపేశా. మా వీధిలో గేదెలు ఎక్కువ. ఇంకొకటి, అయిదున్నరకి పాలబ్బాయి వస్తే కువైట్‌లో అప్పుడు మూడు.

చేపలమ్మ బెల్లు ముట్టుకోదు, వీధి మొదట్లోంచే కేకేస్తది. ఒకటో తారీఖున నాయన పింఛను తెచ్చే సచివాలయం అమ్మాయి మాత్రం నొక్కి, కెమెరాలోకి చూసి జడ సర్దుకుంటది.

బెల్లు నొక్కితే లోపల తెరతో పాటు నా ఫోనూ మోగేటట్టు పెట్టుకున్నా. తిరిగి పోయాక ఒకసారి గ్యాసబ్బాయి నొక్కితే అమ్మకంటే ముందు నేను ఎత్తి మాట్లాడా. రాత్రి ఫోన్లో చీవాట్లు. "ఇంట్లో మనిషుండంగా నువ్వెందుకు పలకతావు?" సరే అని, లోపల ముప్పై సెకన్లు ఎవరూ ఎత్తకపోతేనే నా ఫోను మోగేటట్టు మార్చా. తర్వాతి సిలిండరుకి గ్యాసబ్బాయి గేటు దగ్గర కోడు అడిగాడు. కనెక్షన్‌కి రాయించిన నంబరు నాది, కోడు వచ్చింది నా ఇండియా సిమ్ముకి. ఈసారి తెర ముందు అమ్మ నిలబడే ఉంది, ఎత్తలేదు, ముప్పై సెకన్లు అయిపోయేదాకా ఆగింది.