మిద్దె మీద మూడేళ్లు పెరిగిన పొగడ మొక్కలు

మా ఊరు చిత్తూరు జిల్లాలో ఉంది. గుడి ముందున్న పొగడ చెట్టు కిందే నా చిన్నతనం గడిచింది. రాలిన పూలు ఏరి తెస్తే అమ్మ దారానికి గుచ్చి దేవుడి పటానికి వేసేది. పూలు వాడి రంగు మారినా వాసన మాత్రం పోయేది కాదు. రోడ్డు వెడల్పు చేస్తారనీ, ఆ చెట్టు ఉండదనీ తెలిసి, 2021 వేసవి చివర్లో కింద రాలిన పండ్లు దోసెడు ఏరుకుని హైదరాబాద్ తెచ్చుకున్నాను. అమ్మవాళ్ల పెరటికి అప్పటికి ప్రహరీ లేదు, మేకలు ఏ మొక్కనీ బతకనిచ్చేవి కావు. గోడ లేచేదాకా మా మిద్దె మీదే పెంచుదామనుకున్నాను. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని మూడేళ్లు పట్టింది.

గుజ్జు తీసేస్తే లోపల నున్నగా మెరిసే గింజ, అచ్చం సపోటా గింజకు చెల్లెల్లా ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం మరి, ఆకు తుంచితే రెండింటికీ పాలు కారతాయి. ఒక రాత్రి నానబెట్టి 12 గింజలు చిన్న కవర్లలో పెడితే, నెల దాటాక 7 మొలిచాయి. కాస్త ఎదిగాక నల్ల గ్రో బ్యాగుల్లోకి మార్చి పిట్టగోడ పక్కన వరసగా పెట్టాను.

2022 ఏప్రిల్‌లో ఆకుల అంచులు మాడటం మొదలైంది. నీళ్లు చాలట్లేదనుకుని రెండు పూటలా పోశాను. పోసిన నీళ్లు క్షణంలో అడుగు నుంచి కారిపోతుంటే, మట్టి గుల్లగా ఉంది, బాగా ఇంకుతోందని సంతోషించాను కూడా. ఒక మొక్క పూర్తిగా ఎండిపోయాక బ్యాగ్ కోసి చూస్తే అసలు సంగతి తెలిసింది. మట్టి గడ్డ పైన తడి, పక్కల తడి, నడుమ మాత్రం పిండిలా పొడిగా ఉంది! ఒకసారి బాగా ఎండిన మట్టి, కొబ్బరి పొట్టు ముడుచుకుపోయి బ్యాగ్‌ అంచును వదిలేశాయి. నేను పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే జారిపోయాయి.

మధ్యాహ్నం మూడింటికి బ్యాగ్ మీద చెయ్యి పెడితే వేడికి పెట్టిన చోట నిలవలేదు. పడమటి ఎండ తగిలే వైపు మొక్క వేళ్లన్నీ నల్లబడి, వేలితో రాస్తే పైపొర ఊడి వచ్చింది. ఆకుల మాడు చూసి ఆకులకే వైద్యం చేస్తున్నాను, కాలింది వేళ్లు. ఆ రోజు చాలా ఏడుపొచ్చింది.

మిగిలిన ఆరింటినీ ఒక్కొక్కటిగా నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాను. బ్యాగుల చుట్టూ గోనెపట్టా చుట్టి, గచ్చు వేడి తగలకుండా ఇటుకల మీదికి ఎక్కించి, పైన షేడ్ నెట్ కట్టాను. మట్టి మీద ఎండుటాకులు మందంగా పరిచాను. వేపలాగా ఆకంతా రాల్చుకుని కొన్నాళ్లు ఊరుకునే చెట్టు కాదిది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది గనక ఏడాది పొడుగునా నీళ్లు తాగుతుంది. చలికాలంలో మొక్క నిద్రపోతుందిలే అని మరిచిపోతే కుదరదు.

జూన్‌లో తొలి వానలు పడ్డాక మట్టి మార్చాను. అప్పుడు కనబడింది ఇంకో తప్పు. నేను మొదట వాడిన కవర్లు జానెడు లోతు కూడా లేవు. తల్లివేరు అడుగు తగిలి వంకీ తిరిగింది, పక్క వేళ్లు గుండ్రంగా జడలా అల్లుకున్నాయి. అలాగే నేలలో నాటితే ఆ చుట్టు విడదు, మాను లావయ్యేకొద్దీ తన వేరే తన మొదలుకు ఉరి బిగించుకుంటుంది. చుట్టుకున్న వేళ్లను పదునైన కత్తెరతో కత్తిరించి, మిగతావి విప్పదీసి లోతైన కుండీల్లో పెట్టాను. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు, ముతక ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపాను. అడుగున గులకరాళ్లు వేయడం మానేశాను. వేస్తే నీరు త్వరగా దిగుతుందని అందరూ అంటారు గానీ, మెత్తని మట్టి పూర్తిగా నానితే తప్ప నీటిని రాళ్లలోకి వదలదు. పైగా వేరుకు ఉండాల్సిన లోతు కాస్తా తగ్గిపోతుంది. కన్నం మీద ఒక పెంకు చాలు.

2023 వేసవిలో కొత్త చిగుళ్లు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఫోటో పంపితే మా చిన్నాయన చూసి, "మన శెనక్కాయ చేన్లో కూడా ఇట్లే అయితాది పాపా, ఇనుము అందలేదు. అన్నభేది కొట్టు" అన్నాడు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే లవణం. మా బోరు నీళ్లు గిన్నె అంచున తెల్లటి పొర కట్టేంత ఉప్పన. ఆ నీళ్లతో మట్టి క్షార గుణానికి తిరిగితే, ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకులపై చల్లాను. మూడో వారానికి చిగురు పచ్చబడింది. ఆ వానాకాలం నుంచి మిద్దె మీది వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి, వీలైనన్ని రోజులు అవే పోశాను.

2024 జులైలో ప్రహరీ పూర్తయింది. నా నడుము దాటి ఎదిగిన నాలుగు మొక్కలను ఊరికి తీసుకెళ్లాం. గుంటలో దించే ముందు కుండీ వంచి మట్టి గడ్డను బయటికి లాగి చూశాను. వేళ్లు ఈసారి చుట్టుకోలేదు, నిటారుగా కిందికి దిగి ఉన్నాయి. అమ్మ వాటి మీద చెయ్యి వేసి, "ఇది గుడి దగ్గరి చెట్టు బిడ్డే కదా?" అని రెండుసార్లు అడిగింది. ప్రహరీ ఉన్నా సరే, నాలుగింటి చుట్టూ కంప నాటించింది.

మిగిలిన రెండూ మా మిద్దె మీదే ఉన్నాయి. ఈ వానలకు వాటికి మట్టి మార్చాలి.