జూరిక్ నుంచి మిలన్‌కు బెర్నీనా కనుమ మీదుగా

జూరిక్ నుంచి మిలన్‌కు రైలులో వెళ్లాలనుకునేవారికి టైంటేబుల్ మొదట చూపించేది గొట్టార్డ్ దారి. 2016లో ప్రారంభమైన గొట్టార్డ్ బేస్ సొరంగం పొడవు 57 కిలోమీటర్లు. ప్రపంచంలో అంతకన్నా పొడవైన రైలు సొరంగం ఇప్పటికీ లేదు. దాని మూలంగా ఈ రెండు నగరాల మధ్య ప్రయాణం దాదాపు మూడుంపావు గంటల్లో పూర్తవుతుంది. పని మీద వెళ్లేవారికి అంతకన్నా మంచి దారి లేదు. అయితే ఆ రైలు ఆల్ప్స్ పర్వతాల నడిమి భాగాన్ని కొండ కడుపులోంచి దాటుతుంది కనుక దాదాపు ఇరవై నిమిషాల పాటు కిటికీలో చీకటి తప్ప మరేమీ కనిపించదు. ఈ వేసవిలో రాజమండ్రి నుంచి అమ్మా నాన్నగారూ నా దగ్గరికి వస్తున్నారు. కొండలు చూడాలని అంత దూరం నుంచి వచ్చేవారిని కొండ కిందుగా దాటించడానికి నాకు మనసు ఒప్పలేదు. అందుకే వెళ్లేటప్పుడు బెర్నీనా దారిలో వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గొట్టార్డ్ దారిలో రావాలని నిర్ణయించుకున్నాను.

బెర్నీనా దారి అంటే ఒక రైలు కాదు, నాలుగు రైళ్లు. జూరిక్ నుంచి కూర్ వరకు మామూలు పెద్ద రైలు, కూర్ నుంచి సెంట్ మోరిట్జ్‌కు, అక్కడి నుంచి ఇటలీ సరిహద్దు దాటిన వెంటనే వచ్చే టిరానోకు మీటర్ గేజ్ మీద నడిచే, రేటియన్ రైల్వే అనే స్విస్ సంస్థవారి ఎర్రని రైళ్లు, టిరానో నుంచి మిలన్‌కు ఇటలీ ప్రాంతీయ రైలు. రైలు మారడానికి పట్టే సమయంతో కలిపి తొమ్మిది పది గంటలు పడుతుంది. ఆ పది గంటల్లో నీళ్లు మూడు సముద్రాల వైపు విడిపోవడం చూస్తాము. కూర్ దగ్గర కనిపించే రైన్ నది ఉత్తర సముద్రానికి పోతుంది. సెంట్ మోరిట్జ్ దగ్గరి ఇన్ నది డాన్యూబ్‌లో కలిసి నల్ల సముద్రం చేరుతుంది. కనుమ మీద ఉన్న లాగో బియాంకో అనే సరస్సు నుంచి దిగే నీరు పోస్కియావినో, అడ్డా, పో నదుల వెంట ఏడ్రియాటిక్‌కు వెళుతుంది. టిరానో దాటిన తరువాత మిలన్ రైలు ఆ అడ్డా నది పక్కనే కోమో సరస్సు దాకా సాగుతుంది. గోదావరి గట్టున పెరిగి, నదుల పుట్టుకల గురించి చెప్పడమంటే ఎంతో ఇష్టపడే నాన్నగారికి ఈ దారిలో అన్నిటికంటే నచ్చేది ఇదేనని నా నమ్మకం.

కూర్ నుంచి టిరానో వరకు బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటక రైలు ఉంది. పైకప్పు అంచు దాకా అద్దాలుంటాయి, మధ్యలో మారే పని ఉండదు, కానీ సీటు తప్పనిసరిగా ముందే రిజర్వు చేసుకోవాలి, దానికి టికెట్టుపై అదనంగా చెల్లించాలి. నేను మాత్రం అవే పట్టాల మీద నడిచే మామూలు రైళ్లనే ఎంచుకున్నాను. వాటికి రిజర్వేషన్ అక్కరలేదు; వేసవిలో దాదాపు గంటకొకటి ఉంటుంది కనుక వాతావరణం బాగుంటే నచ్చిన స్టేషన్లో దిగి తరువాతి రైలు అందుకోవచ్చు. పాత పెట్టెల్లో కిటికీ అద్దం దించుకొని ఫొటోలు తీసుకోవచ్చు. మూసివున్న అద్దంలోంచి తీసిన ఫొటోలో మన చొక్కా ప్రతిబింబం కూడా పడుతుంది కాబట్టి, ఫొటోలంటే ఆసక్తి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

సీటు ఎటువైపు దొరికిందన్నది ఈ దారిలో చాలా ముఖ్యం. జూరిక్ నుంచి కూర్ వరకు ఎడమవైపు కూర్చోవాలి, జూరిక్ సరస్సూ వాలెన్ సరస్సూ అటే ఉంటాయి. అక్కడి నుంచి మిలన్ దాకా కుడివైపే మేలు. ఫిలిసూర్ ముందు 65 మీటర్ల ఎత్తైన లాండ్‌వాసర్ వంతెన మీద రైలు వంపు తిరిగి నేరుగా కొండ గోడలోని సొరంగంలోకి దూరే దృశ్యం, మోర్తెరాచ్ హిమానీనదం, లాగో బియాంకో, బ్రూసియో దగ్గర రైలు తన కిందుగా తానే చుట్టు తిరిగే రాతి వంతెన, చివరికి కోమో సరస్సు, అన్నీ కుడివైపు నుంచే బాగా కనిపిస్తాయి.

అమ్మకు ఎత్తు గురించి భయం ఉంది. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఓస్పిత్సియో బెర్నీనా, 2,253 మీటర్లు. దాదాపు ఊటీ అంత ఎత్తు. ఊటీలో ఆమె హాయిగానే తిరిగింది కనుక ఆ మాట చెప్పగానే కుదుటపడింది. మెట్టుపాళయం నుంచి ఎక్కే ఊటీ రైలు పట్టాల నడుమ ఉన్న పళ్ల కమ్మీని పట్టుకొని పాకుతుంది. 1910లో పూర్తయిన బెర్నీనా మార్గంలో అటువంటి కమ్మీ లేదు. వెయ్యి మీటర్లకు డెబ్బై మీటర్ల చొప్పున ఎక్కే వాలు మీద కూడా చక్రానికీ పట్టాకూ మధ్య ఉన్న పట్టుతోనే రైలు నడుస్తుంది. ఓస్పిత్సియో నుంచి టిరానో వరకు 1,824 మీటర్లు దిగడం కూడా అలాగే. ఆ కాలపు ఇంజనీర్ల ధైర్యానికి నేను నిజంగా నమస్కరిస్తాను.

పది గంటలూ ఒకే రోజు కూర్చోవడం పెద్దవారికి కష్టం. మధ్యలో సెంట్ మోరిట్జ్‌లో ఆగవచ్చు గానీ అక్కడి హోటళ్ల ధరలు మా స్తోమతకు మించినవి. టిరానోలో ఆగితే రెండు లాభాలున్నాయి. అక్కడ ఎర్ర రైలు స్టేషనూ మిలన్ రైలు స్టేషనూ పక్కపక్కనే ఉన్నాయి. మరునాడు ఉదయం బయలుదేరితే, కోమో సరస్సుకు తూర్పు ఒడ్డున పోయే రైలులోంచి పడమటి కొండల మీద పడే పొద్దుటి ఎండ కనిపిస్తుంది. పైగా ఆ లోయ వంటకమైన పిజ్జోకెరీలో మాంసం ఉండదు: బక్‌వీట్ (హిందీలో కుట్టు) అనే గింజల పిండితో చేసిన నూడుల్స్ వంటివాటిని క్యాబేజీ, బంగాళాదుంప, జున్ను, వెన్నతో కలిపి పెడతారు. శాకాహారులైన మా ఇద్దరు పెద్దలకూ రాత్రి భోజనం ఏమిటన్న ప్రశ్న దాంతో తీరిపోయింది.

స్విట్జర్లాండ్, ఇటలీ రెండూ ఉమ్మడి వీసా ఇచ్చే ఐరోపా దేశాల కూటమి అయిన షెంగెన్‌లోనివే కనుక ఒకే వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఉండేది స్విట్జర్లాండ్‌లోనే కాబట్టి అర్జీ అక్కడికే పెట్టాలి. సరిహద్దులో రైలు ఆగి అందరినీ తనిఖీ చేసే పద్ధతి లేకపోయినా, పోలీసులు అడగవచ్చు కాబట్టి పాస్‌పోర్టులు అసలువే చేతి సంచిలో ఉండాలి. పర్యాటకులు స్విట్జర్లాండ్‌లో తిరగడానికి కొనుక్కునే స్విస్ ట్రావెల్ పాస్ ఇటలీ గడ్డ మీదున్న టిరానో దాకా చెల్లుతుంది, ఆ పైన చెల్లదు. మిలన్ టికెట్టు విడిగా కొనాలి. ప్రాంతీయ రైలు కనుక ముందుగా కొన్నంత మాత్రాన ధర తగ్గదు, ఆ రోజే కొనుక్కోవచ్చు. కాగితపు టికెట్టయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకూడదు, లేకపోతే జరిమానా పడుతుంది. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటే గొట్టార్డ్ రైలుకు మాత్రం సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాబట్టి దాన్ని ముందే చేయించాను.

మిగిలిన సందేహమల్లా ఇటలీ రైల్వే సమ్మెలు. అక్కడ సమ్మెను ముందుగా ప్రకటిస్తారు; పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని ప్రాంతీయ రైళ్లను తప్పక నడుపుతారు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు మరొకసారి ప్రకటనలు చూసుకుంటాను. ఒకవేళ అదే రోజు సమ్మె పడితే పగలంతా టిరానోలో గడిపి సాయంత్రపు రైలు ఎక్కుతాము. అందుకోసమే మిలన్‌లో రాత్రి ఆలస్యంగా చేరినా గది ఇచ్చే హోటల్‌ను, సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో తీసుకున్నాను.