లాక్‌ఇన్ పూర్తవ్వకముందే ఖాళీ చేస్తామన్నారు: నా అనుభవం

మియాపూర్‌లో మాకున్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను ఈమధ్యే పెళ్లయిన ఓ జంటకు అద్దెకిచ్చాం. నెలకు 22,000, రెండు నెలల అడ్వాన్స్. 11 నెలల అగ్రిమెంట్, అందులో ఆరు నెలల లాక్‌ఇన్, అంటే ఆ ఆరు నెలల్లో ఖాళీ చేయకూడదని షరతు. రెండో నెల నడుస్తుండగానే ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, ఆఫీసువాళ్లు నన్ను పుణె మార్చారు. నెలాఖరుకు ఖాళీ చేసేస్తాం. అడ్వాన్స్ ఎప్పుడిస్తారు?"

ఆ ఫ్లాట్ మీద ఇంకా లోన్ ఉంది. అద్దె ఆగితే ఈఎమ్ఐ కష్టమే, అందుకే చాలా టెన్షన్ పడ్డాను. అపార్ట్‌మెంట్‌లో అడిగితే అందరిదీ ఒకటే మాట: "అడ్వాన్స్ పైసా కూడా తిరిగివ్వకండి." సామాను కదలనివ్వొద్దని చెప్పినవాళ్లూ ఉన్నారు.

మా బంధువుల్లో ఒక లాయరుగారిని అడిగాను. సామాను ఆపడం, కరెంటు తీసేయడం లాంటివి చేస్తే కేసు మన మీదే పడొచ్చని గట్టిగా హెచ్చరించారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో ఎంత రాసుకున్నా, ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే వస్తుందట. నష్టం తగ్గించుకోవడానికి మనమేం చేశామన్నదీ కోర్టు చూస్తుంది. అంటే ఇంటికి తాళం వేసుకుని కూర్చుని, మిగిలిన నెలల అద్దె అంతా కట్టమంటే కుదరదు. అసలు కాగితమే లేకపోతే మన పరిస్థితి ఇంకా బలహీనం. నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది.

ముందు ఆ అబ్బాయితో ఖాళీ చేసే తేదీ, కారణం ఈమెయిల్‌లో రాయించుకున్నాను. "కొత్తవాళ్లు వచ్చేదాకా అద్దె అడ్వాన్స్‌లోంచి పోతుంది బాబూ, నువ్వూ ఎవరినైనా చూడు" అన్నాను. ఒప్పుకున్నాడు. గేటుకు టు-లెట్ బోర్డు కట్టించి, వాచ్‌మన్‌కు చెప్పాను. వాళ్లున్నప్పుడే వచ్చినవాళ్లకు ఇల్లు చూపించారు, అది నిజంగా పెద్ద సాయం.

వెళ్లే రోజు ఇద్దరం కలిసి ఒక్కో గది తిరిగి చూశాం. మీటరు రీడింగ్ ఫొటో తీశాం. వంటింట్లో సింకు కుళాయి విరిగి ఉంది, బాత్‌రూమ్ గీజరు బాగానే పనిచేస్తోంది. పెయింటింగ్‌కు ఒక నెల అద్దె అని అగ్రిమెంట్‌లో ఉంది కానీ గోడలు కొత్తగానే ఉన్నాయి. ఆ డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మరుసటి నెల సగంలో కరీంనగర్ నుంచి ఒక కుటుంబం దిగింది. సగం నెల అద్దె 11,000, కరెంటు బిల్లు 1,340, కుళాయికి 900 పోను మిగిలిన 30,760 అతనికి పంపేశాను. ఇకపై ఒకరికొకరం బాకీ లేమని రాసిన కాగితంపై ఇద్దరం సంతకాలు పెట్టి, పాత అగ్రిమెంట్‌కు జతచేశాం.

కొత్తవాళ్ల అగ్రిమెంట్‌లో మాత్రం ఒక లైను చేర్పించాను: లాక్‌ఇన్‌లో ఖాళీ చేస్తే వేరేవాళ్లు దిగేవరకు అద్దె కట్టాలి, ఎంత ఆలస్యమైనా రెండు నెలలకు మించకుండా.