ఇద్దరు రాజుల్ని బావకి అప్పగించిన రాత్రి

మొన్న మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం రాత్రి జరిగింది. కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

సిరిమాను కోటకీ గుడికీ మూడుసార్లు తిరిగింది, చూసొచ్చాం, తిన్నాం, మేడ మీద చాపలేశాం. మా అక్క మొగుడు బెంగళూరులో ఉంటాడు. ఫోనులో పోకరాడేవాడు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ పేకాట ఆపేశారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా ఆన్‌లైన్ డబ్బాటలు ఆపేసింది. అప్పట్నించి ఆయన చేతుల దురద మా మీద తీర్చుకుంటున్నాడు. నేను, బావ, మావయ్య, చిన్నాన్న కొడుకు, నలుగురం పోకర్‌కి కూర్చున్నాం. తలా రెండు ముక్కలు, నేల మీద అందరికీ కలిపి ఐదు పడతాయి. ఎవడైనా పందెం పెంచితే అంతా పెట్టి కలవాలి, లేదా ముక్కలు పడేయాలి. డబ్బు మాట లేదు. అమ్మ దాచిన చింతపిక్కలు తలా 200.

మొదటి గంటలో బావ పదాటల్లో ఆరింటికి పెంచాడు. పెంచిన ప్రతిసారీ మేం ముక్కలు పడేయడం, ఆయన పిక్కలు లాక్కోవడం.

అప్పుడొచ్చాయి నాకు ఇద్దరు రాజులు. ఇస్పేటు ఒకటి, ఆఠీను ఒకటి. ఈ జత 221 ఆటలకి ఒక్కసారి వస్తుంది. బావ 6 పిక్కలు పెట్టాడు, నేను 20 చేశా, ఆయన వెంటనే సరేనన్నాడు. ఇక్కడిదాకా తప్పు లేదు.

నేల మీద మూడు ముక్కలు పడ్డాయి: ఆసు, తొమ్మిది, ఆరు.

బావ చేతిలో ఇంకో ఆసుంటే ఆసుల జత నా రాజుల్ని కొట్టేస్తుంది. ఆ ఆసుని చూశాక నాకు రాజులు రాజుల్లా కనిపించడం మానేశారు. బావ 20 తోశాడు. కలిశా. తర్వాత రెండు పడింది. 50 తోశాడు. కలిశా, కాని వేళ్ళు పిక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాయి, ఇచ్చేటప్పుడు కూడా. చివరి ముక్క జాకీ. బావ లుంగీ సర్దుకుని, మోచేత్తో 110 పిక్కలు ఒకేసారి ముందుకి నెట్టాడు. రెండు దొర్లుకుంటూ నా మోకాలి దగ్గరకొచ్చాయి. "ఏటి బావా, ఆలోచన?" అన్నాడు. నేను నిజంగానే ఆలోచించానా? లేదు. భయపడ్డానంతే. ముక్కలు బోర్లా పడేశా.

అంతటితో ఊరుకోవచ్చుగా. ఊరుకోడు. తన ముక్కలు తిరగేశాడు. ఎనిమిది, ఏడు. వరస కోసం పదో ఐదో రావాలని కూర్చున్నాడు, రాలేదు. చేతిలో ఏమీ లేదు! మావయ్య పొట్ట పట్టుకుని, "కోట ఎదురుగా పుట్టినోడివి, ఇద్దరు రాజుల్ని అలగ అప్పగించేసావేట్రా!" అన్నాడు. మెట్ల దగ్గర కూర్చున్న అక్క, అమ్మ, పక్కింటి పిన్నిగారు, అందరూ నవ్వారు. పిన్నిగారికి పేకముక్కలు ఎన్నో కూడా తెలీదు.

నిద్ర పట్టక లెక్కేశా. ఆట మొదట్లో మిగతా ఇద్దరూ పెట్టిన 3తో కలిపి అక్కడ పోగుపడ్డవి 293, నేను పెట్టాల్సింది 110. నాలుగుసార్లలో ఒకసారికి కాస్త ఎక్కువ గెలిస్తే చాలు, కలవొచ్చు. నా చేతిలో రాజులుండి, నేల మీద ఆసు పడ్డాక, ఎదుటివాడి రెండు ముక్కల్లో ఆసు ఉండే అవకాశం ఎనిమిదింట్లో ఒకటి. బావలా పదింట్లో ఆరింటికి పెంచేవాడైతే, ఆసున్నవన్నీ ఆ ఆరింట్లోనే ఉంటాయి కాబట్టి, ఐదింట్లో ఒకటి అనుకుందాం. మిగతావి చాలావరకు ఉత్త బెదిరింపో, తక్కువ జతలో. అంటే ఆసు నన్ను ఓడించలేదు, ఆసు ఉందేమోనన్న దిగులు ఓడించింది. యూట్యూబులో నేను చూసిన పోకర్ పాఠాలాయన "పెద్ద జతతో ఎదురుదాడి చెయ్" అంటాడు. ఆ పెద్దమనిషి మా బావతో ఆడలేదు. ఇలాంటివాడి మీద ముందు పెంచాలి, తర్వాత నోరు మూసుకోవాలి. మనం మళ్ళీ పెంచితే వాడు ఉత్త చేతులన్నీ పడేసి, మంచివే పట్టుకుని ఉంటాడు. ఊరుకుంటే తనంతట తనే తాడు బిగించుకుంటాడు.

మర్నాడు రాత్రి డబ్బాలోంచి 200 నింపుకుని కూర్చున్నా. ఇద్దరు రాణులొచ్చారు. 20 చేశా. పది, ఐదు, మూడు పడ్డాయి. బావ 25, కలిశా. రాజు పడింది, కడుపులో తిప్పింది. బావ 50, కలిశా. ఆఖరికి మళ్ళీ మూడు పడింది, మోచెయ్యి మళ్ళీ వచ్చింది, 105. ఈసారి లెక్కపెట్టలేదు, అన్నీ తోసేశా. బావ మొహం చూడాలి! ముక్కలు చూపించమంటే మాట దాటేశాడు, మావయ్యే లాగి తిరగేశాడు. ఆసు, ఐదు. కుప్ప మొత్తం నాది, చాప అంచు దాకా.

నిజం చెప్పాలంటే గంట తర్వాత రెండు జాకీలతో అలాగే కలిస్తే ఆయన దగ్గర రాణులే తేలారు. అదీ పోయింది. అయినా రాత్రి నిద్ర పట్టింది.

పొద్దున్న స్టేషనుకి బయల్దేరుతూ బావ, "సంక్రాంతికి మళ్ళీ వస్తాన్లే" అన్నాడు. అక్క నవ్వింది. నేను పిక్కల డబ్బా ఎత్తి అటక మీద పెట్టేశా.