లాప్‌టాప్ ఫ్యాన్ మోత తగ్గించిన కథ

2024 మే నెలలో మా అమ్మమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. విజయవాడ ఎండ, ఇంటినిండా చుట్టాలు, ప్రతి చేతిలో ఒక ఫోను. పది రోజుల్లో నాకు 212 క్లిప్పులు చేరాయి. వాట్సాప్‌లో పంపితే నలిగిపోతాయని పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మరీ తెచ్చుకున్నాను. అన్నీ ఒకచోట పెట్టి హాల్లో టీవీలో చూపిద్దామని అటక మీద పడున్న పాత లాప్‌టాప్ దించాను. కోర్ ఐ5 6200యూ, 2015 నాటి ప్రాసెసర్. లినక్స్ వేసి, కంటైనర్ అనే విడి గదిలో ప్రోగ్రాములు నడిపే డాకర్‌లో జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్ పెట్టాను. ఇది ఉచితం. ఎంబీ అనే సర్వర్ సోర్స్ కోడ్ మూసేసినప్పుడు 2018 చివర్లో దాన్నుంచి విడిపోయి వచ్చింది. మన సినిమాలూ వీడియోలూ ఇంట్లోనే ఒక మెషీన్‌లో ఉంటే, టీవీ, ఫోను, ట్యాబ్ అన్నిటికీ వడ్డిస్తుంది.

ఆదివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి వేశాను. నిమిషం ఆడింది. మా పిన్ని అమ్మమ్మకి హారతి ఇచ్చే దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. గూట్లో ఉన్న లాప్‌టాప్ మిక్సీలో కొబ్బరి వేసినట్టు మోత మొదలెట్టింది. అమ్మమ్మ కాసేపు చూసి, "అది చెయ్యి దించదేంట్రా? నొప్పెట్టదూ?" అంది. హాలంతా నవ్వులు. నాకు తప్ప.

లోపలికెళ్ళి, ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ని ఎంత వాడుతోందో చూపించే హెచ్‌టాప్ తెరిచి చూస్తే, వీడియోల్ని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒక్కటే 390 శాతం తింటోంది. ఈ లెక్కలో ఒక్కో థ్రెడ్‌కి, అంటే ప్రాసెసర్ ఒకేసారి నడపగల ఒక్కో పని వరసకి, వంద. నా ప్రాసెసర్‌కి ఉన్నవి రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. అంటే మొత్తం నాలుగొందలు. ఊపిరి పీల్చుకోడానికి మిగిలింది పది.

మొదట చేసినవన్నీ పక్కదారి పనులే. ఆన్‌లైన్‌లో మినీ పీసీల ధరలు చూశాను. తర్వాత లాప్‌టాప్ విప్పి ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్పించాను. అది పూర్తిగా వృథా కాలేదు. వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆ బాధ కొంత పోయింది. కానీ 390 మాత్రం 390 గానే ఉంది. ట్రాన్స్‌కోడింగ్, అంటే వీడియోని వేరే రకంలోకి మార్చే పని, దాని సెట్టింగుల్లో థ్రెడ్ల సంఖ్య రెండుకి కుదించి చూశాను. శాతం సగానికి పడింది, వీడియో మాత్రం ఇంకా తొందరగా ఆగిపోయింది. కూలీని తగ్గిస్తే బరువు తగ్గుతుందా? పని అంతే ఉంది కదా.

రెండు రోజుల తర్వాత గానీ అసలు ప్రశ్న తట్టలేదు. వీడియో చూపించడానికి ప్రాసెసర్‌కి పనేంటి? డిస్క్ మీద ఉన్న ఫైలుని తీసి నెట్‌వర్క్‌లోకి తోయడమేగా, దానికి ఐదు శాతం కూడా ఎక్కువే. టీవీకి ఆ ఫైలు ఉన్నదున్నట్టుగా అర్థమైతే సర్వర్ అలాగే పంపుతుంది. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు. వీడియో అర్థమై, దాన్ని పెట్టిన ఫైలు డబ్బా మాత్రం నచ్చకపోతే, అంటే ఎంకేవీ వద్దు ఎంపీ4 కావాలంటే, డబ్బా మార్చి పంపుతుంది. అదీ తేలికే. ఆడియో ఒక్కటే మార్చాల్సి వచ్చినా పెద్ద భారం కాదు. వీడియోనే విప్పి, ప్రతి ఫ్రేమునూ మళ్ళీ కొత్తగా కుదించాల్సి వస్తే, అదీ చూసేవాళ్ళ వేగాన్ని అందుకుంటూ, అప్పుడు మోత మొదలవుతుంది. కాబట్టి ప్రాసెసర్‌కి బలం పెంచే ముందు, ఎందుకు మారుస్తోందో కనుక్కోవాలి.

ఆ సమాధానం మొదటి రోజు నుంచీ నా కళ్ళ ముందే ఉంది. జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డులో ఎవరు ఏం చూస్తున్నారో కనపడుతుంది. అక్కడ చిన్న సమాచారం గుర్తు నొక్కితే, ఎందుకు ట్రాన్స్‌కోడ్ చేస్తోందో ఒక వాక్యంలో చెబుతుంది. మా టీవీకి అది చెప్పిన కారణం, వీడియో బిట్‌రేట్, అంటే సెకనుకి పట్టే డేటా, పరిమితి దాటింది అని.

హారతి క్లిప్ మా బావ ఐఫోన్‌తో తీసింది. 4కే, సెకనుకి 60 ఫ్రేములు. ఆ ఫోను సెట్టింగుల్లోనే రాసుంటుంది, ఈ రకంలో నిమిషానికి 400 ఎంబీ అని. లెక్కేస్తే సెకనుకి 53 మెగాబిట్లు. టీవీ యాప్‌లో నాణ్యత దగ్గర 20 మెగాబిట్లు అని పెట్టి ఉంది, ఏ ముహూర్తాన పెట్టానో గుర్తు లేదు. పరిమితి దాటింది కాబట్టి సర్వర్ పాపం కష్టపడి దాన్ని కుదిస్తోంది. పరిమితి తీసేశాను. డైరెక్ట్ ప్లే అయింది, హెచ్‌టాప్‌లో మూడు శాతం. ఎగిరి గంతేశాను. గంతు పూర్తవకముందే వీడియో మళ్ళీ ఆగింది. ఈసారి ఫ్యాన్ చల్లగా ఉంది, ఆగింది వైఫై. టీవీ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది, అపార్ట్‌మెంటులో ప్రతి ఇంటి రౌటరూ అదే దారిలో తోసుకుంటోంది. గోడ వెంట ఒక క్యాట్6 కేబుల్ లాగి టీవీ వెనక గుచ్చాను. టీవీ పోర్టు వంద మెగాబిట్లదే, అయినా 53కి ధారాళంగా సరిపోయింది. పిన్ని చెయ్యి దించింది.

టీవీతో పోరు అక్కడికి అయింది గానీ, మా ఇంట్లో చూసేది టీవీ ఒక్కదాంట్లోనే కాదు. నాన్న ట్యాబ్, మా ఆవిడ లాప్‌టాప్‌లో బ్రౌజరు, డల్లస్‌లో అక్క. వీటిలో కొన్నిటికి, ఐఫోన్ వీడియోని కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతి రాదు, కొన్నిటికి అది వచ్చినా, వెలుగూ రంగులూ ఎక్కువ పట్టే హెచ్‌డీఆర్ రాదు. వీళ్ళ కోసం మార్చక తప్పదు. మార్చే పని ప్రాసెసర్ కోర్ల చేత కాకుండా, అందులోనే ఉన్న గ్రాఫిక్స్ చేత చేయించాలి. ఇంటెల్ వాళ్ళు 2011 నుంచి క్విక్ సింక్ పేరుతో వీడియో కోసమే ఒక ప్రత్యేక భాగం పెడుతున్నారు. జెల్లీఫిన్‌లో ఇది వాడుకోడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని, సెట్టింగుల్లో క్విక్ సింక్ ఎంచుకుని, కింద కనపడిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టడం. ఉచితంగా వస్తుంటే ఒకటి వదలడమెందుకు అనుకున్నాను. ఆ తర్వాత ఏ వీడియో నొక్కినా ఎర్రర్. రెండు సాయంత్రాలు పోయాయి. మొదటి తప్పు, డాకర్ కంటైనర్‌కి గ్రాఫిక్స్ పరికరాన్ని అప్పగించలేదు. డెవ్ కింద డీఆర్ఐ అనే ఫోల్డరు ఉంటుంది, దాన్ని డాకర్ సెట్టింగులు రాసే కంపోజ్ ఫైల్లో డివైసెస్ కింద రాయాలి. రాశాను, అయినా రాలేదు. రెండో తప్పు, దాన్ని తాకే హక్కు రెండర్ అనే గ్రూపుకి ఉంటుంది, కంటైనర్‌ని ఆ గ్రూపులో చేర్చాలి. ఇంటికి తాళం చెవి ఇచ్చి గేటుకి ఇవ్వనట్టు. చేర్చాక వీఏఇన్ఫో అనే కమాండ్ కొడితే, నా గ్రాఫిక్స్‌కి ఏ ఏ రకాల వీడియో వచ్చో వరసగా చూపించింది. ఇది మొదట చేసి ఉంటే రెండు సాయంత్రాలు మిగిలేవి.

ఆ వరసలో హెచ్.264 ఉంది, పాత డీవీడీల ఎంపెగ్-2 ఉంది, హెచ్‌ఈవీసీ 8 బిట్ ఉంది. రంగుల్ని ఇంకా సన్నగా విడదీసే 10 బిట్ లేదు. ఆరో తరం ప్రాసెసర్‌కి అది పూర్తి స్థాయిలో రాదు, ఏడో తరంతోనే వచ్చింది. ఒక్క ఏడాది తేడా. మా బావ ఫోను హెచ్‌డీఆర్ వీడియోలన్నీ 10 బిట్టే. ఆ గడుల్లో టిక్కులు తీసేసి, వీఏఇన్ఫో చూపించినవి మాత్రమే ఉంచాను. మిగతా క్లిప్పులు ట్యాబ్‌లో వేస్తే, 380 దగ్గర ఉండేది 30కి అటూ ఇటూ తిరిగింది. లాప్‌టాప్ పక్కనే కూర్చున్నా దాని ఊసు లేదు.

మిగిలింది బావగారి హెచ్‌డీఆర్ వీడియోలు, దాదాపు గంట నిడివి. ట్రాన్స్‌కోడ్ చేసినప్పుడల్లా జెల్లీఫిన్ ఒక లాగ్ ఫైలు రాస్తుంది. అందులో స్పీడ్ అనే అంకె చూడాలి. ఒకటి పైన ఉంటే చూసేవాళ్ళకంటే సర్వర్ ముందు నడుస్తోందని అర్థం. నాది 0.2 దగ్గర పడుంది. అంటే సెకను వీడియో తయారవ్వడానికి ఐదు సెకన్లు. టోన్ మ్యాపింగ్ ఆపితే కాస్త పెరిగింది గానీ, అమ్మమ్మ కట్టుకున్న పసుపు పట్టుచీర చాకిరేవు నుంచి పదిసార్లు వచ్చినట్టు వెలిసిపోయి కనపడింది. హెచ్‌డీఆర్‌లో తీసిన రంగుల్ని మామూలు తెరకి సర్దే పని అది, దాన్ని వదిలెయ్యలేం.

అప్పుడు లెక్క తిప్పి చూసుకున్నాను. ఎవరో ప్లే నొక్కిన ప్రతిసారీ అదే క్లిప్‌ని మళ్ళీ మళ్ళీ మార్చడమెందుకు? ఒకసారి తీరిగ్గా, రాత్రిపూట, మార్చి పెట్టుకుంటే సరి. 1080పీ, 8 బిట్ హెచ్.264, సెకనుకి 30 ఫ్రేములు. ఇదైతే ఏ పాత ఫోనైనా నోరెత్తకుండా ఆడుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో స్క్రిప్టు రాశాను. అందులో ఒక చిన్న కిటుకు నాకు నేనే కనిపెట్టుకున్నాను. ముందు ఫ్రేములు సగం చేసి, సైజు 1080కి తగ్గించి, ఆ తర్వాతే రంగులు సర్దాలి. నేను మొదట వరస తిరగేసి రాశాను, పారేయబోయే ఫ్రేములకి కూడా రంగులు దిద్దుతూ కూర్చుంది. వరస మార్చాక పని చాలా తొందరగా అయింది. అసలే రోహిణి కార్తె, పగలు వద్దని రాత్రి పదకొండుకి మొదలెట్టాను. మూడు రాత్రులు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. సర్వర్‌గా పాత లాప్‌టాప్ వాడటంలో ఉన్న సుఖం అప్పుడు తెలిసింది, బ్యాటరీ ఎంత చచ్చినా అరగంట లాగింది.

అసలు ఫైలూ ఉండాలి, చిన్నదీ ఉండాలి. వీటిని సినిమాల తరహా లైబ్రరీలో పెట్టి, ఫోల్డరు పేరుతోనే రెండు ఫైళ్ళకీ పేరు పెట్టి, చివర గీత గీసి 4కే, 1080పీ అని తగిలిస్తే, జెల్లీఫిన్ వాటిని ఒకే వీడియోకి రెండు రూపాలుగా చూపిస్తుంది. టీవీలో పెద్దది, మిగతా అందరికీ చిన్నది.

అంతా అయిపోయిందనుకున్నాక డల్లస్ నుంచి ఫోను. "ఏరా, అమ్మమ్మ ఉప్పెన వీడియో ఆగి ఆగి వస్తోంది." అమ్మమ్మ వాళ్ళది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు ఆవిడకి ముప్పై అయిదేళ్ళు. ఫంక్షన్ మర్నాడు కూర్చోబెట్టి ఆ రాత్రి సంగతులు చెప్పించాం, నలభై నిమిషాలు. ఈ వీడియో మామూలు 1080పీ, బిట్‌రేట్ కూడా 8 మెగాబిట్లే. ఆగడానికి కారణమే కనపడలేదు. డ్యాష్‌బోర్డు చూస్తే, కారణం సబ్‌టైటిల్స్ అట.

పిల్లలకి తెలుగు అంతంతమాత్రమని అక్కే కూర్చుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసింది. అందంగా ఉండాలని ఏఎస్ఎస్ రకంలో, రంగులూ నీడలూ పెట్టి. తన టీవీ యాప్‌కి అవి రావు. రాకపోతే సర్వర్ ఆ అక్షరాల్ని ప్రతి ఫ్రేము మీదా అచ్చు వేసి పంపాలి. అచ్చు వేయాలంటే మొత్తం వీడియో మళ్ళీ విప్పి కుట్టాలి. బ్లూరే డిస్కుల నుంచి వచ్చే బొమ్మల రకం సబ్‌టైటిల్స్‌తోనూ చాలా చోట్ల ఇదే తలనొప్పి. నాలుగు అక్షరాల కోసం వేలకొద్దీ ఫ్రేములు. ఏఎస్ఎస్‌ని మామూలు ఎస్ఆర్‌టీగా మార్చడానికి అర నిమిషం పట్టింది. రంగులు పోయాయని అక్క కొంచెం అలిగింది. ప్రాసెసర్ మాత్రం రెండు శాతానికి దిగింది. తర్వాత తెలుగు సబ్‌టైటిల్స్ కూడా ఒక ఫైలు చేశాను. అచ్చు వేసే అవసరం వచ్చినప్పుడు తెలుగు ఫాంటు లేక అక్షరాల బదులు డబ్బాలు వచ్చాయి, నోటో సాన్స్ తెలుగు వేస్తే ఒత్తులతో సహా సరిపోయింది.

నాన్న దగ్గరున్న పాత పెళ్ళి డీవీడీల జోలికి నేను వెళ్ళలేదు. 720 బై 576 బొమ్మ, ఎన్నిసార్లు మార్చినా ఈ లాప్‌టాప్‌కి చెమట పట్టదు.

ఒక్కటి మాత్రం వారం రోజులు అంతుపట్టలేదు. ఎవరూ ఏమీ చూడని తెల్లవారుజామున కూడా ఫ్యాన్ మోగేది. జెల్లీఫిన్ 10.9కి మారాక ట్రిక్‌ప్లే అని కొత్తది వచ్చింది. వీడియోని ముందుకి లాగుతుంటే చిన్న చిన్న బొమ్మలు కనపడతాయే, అవి ముందే చేసి పెట్టుకోవడం. సరదాపడి నేనే ఆన్ చేసి మర్చిపోయాను. అది 212 క్లిప్పుల్నీ రాత్రంతా విప్పుతూ కూర్చుంటోంది. ఆపేశాను. అధ్యాయాల బొమ్మలు తీసేదీ ఆపేశాను.

ఇప్పుడు హాల్లో టీవీ, లోపల ట్యాబ్, డల్లస్‌లో అక్క ఒకేసారి చూసినా పది శాతం దాటట్లేదు. బావకి మాత్రం ఫోన్ చేసి, "కెమెరా సెట్టింగుల్లో 1080పీ, 30 ఫ్రేములు పెట్టుకోండి, హెచ్‌డీఆర్ తీసెయ్యండి" అని బతిమాలాను. "లక్షన్నర పెట్టి కొన్నానోయ్, తగ్గించి తియ్యమంటావా?" అన్నాడు. పోయిన వారం వాళ్ళ పాప ఓణీల ఫంక్షన్ అయింది. మొన్న పెన్‌డ్రైవ్ వచ్చింది, 128 జీబీది, నిండా. స్క్రిప్టు ఈ రాత్రికి పెట్టాను.